రెండు తలుపుల గది

"ఏం పోయింది? దిద్దా, పిన్నీసా?" అన్నాడు మా ఆయన.

నేను హాల్లో సోఫా పక్కన మోకాళ్ళ మీద పాకుతున్నాను. ఆదివారం పొద్దున తొమ్మిదయింది. ఆయన టీపాయ్ మీద కాళ్ళు బారజాపుకుని ఫోన్ చూస్తున్నాడు. ఏమీ పోలేదని చెప్పి సోఫా కిందికి తల దూర్చాను. నేను దగ్గరికి రాగానే, ఫోన్ మీంచి కళ్ళు తియ్యకుండానే, కాళ్ళు రెండూ పైకెత్తాడు. నేను నేల తుడిచేటప్పుడు పదహారేళ్ళుగా అలాగే ఎత్తుతాడు. పాపం, ఆ మాత్రం సాయం ఎప్పుడూ చేస్తూనే ఉన్నాడు.

పాకమని నాకు శిక్షణలో చెప్పారు. ఇంట్లో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టాలంటే ఒకరోజు శిక్షణ తీసుకోవాలి. ఇంటిని మీ కళ్ళతో కాదమ్మా, ఏడాది పిల్ల కళ్ళతో చూడండి, మోకాళ్ళ మీద తిరగండి అన్నారు. నాకు నవ్వొచ్చింది. నేను రోజూ తిరిగేది అలాగే కదా, ఈ ఇంట్లో నాకు తెలియని మూల ఉంటుందా అనుకున్నాను. ఉంది. సోఫా కింద మా అత్తగారి బీపీ మాత్రలు రెండు, పచ్చగా, అచ్చం చప్పరించే బిళ్ళల్లా మెరుస్తున్నాయి. పాత చేతిగడియారంలోంచి ఎప్పుడో జారిన గుండీ బ్యాటరీ. చేతులు కడుక్కునే సింకు వెనక సగం తుప్పు పట్టిన బ్లేడు. టీపాయ్ మూల సరిగ్గా నుదురు తగిలే ఎత్తులో ఉంది. ఇన్నేళ్ళు నేను మురికి కోసమే చూశాను కాబోలు. మా అమ్మాయి ఈ నేల మీదే పాకి పెద్దదైంది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. అది ఎలా బతికి బట్టకట్టిందో!

ఇంతకీ ఈ పని ఎందుకు తలకెత్తుకున్నానో చెప్పాలి. ఒక పెద్ద ఆఫీసు కింద ఉండే పిల్లల కేంద్రంలో ఆరేళ్ళు పనిచేశాను. రెండు నెలల క్రితం అది మూసేశారు. ఈ నెల మొదట్లో ఒక నర్సమ్మాయి ఇంటికొచ్చింది. "అక్కా, మా వాడు మీ దగ్గర తప్ప ఎక్కడా అన్నం తినడు. ఒకటో తారీకు నుంచి నాకు పొద్దుటి డ్యూటీ. మీరు చూస్తానంటే సరే, లేకపోతే ఉద్యోగం మానేస్తా" అంది. వాడి పేరు ఏదైనా, నేను పిలిచేది సైరన్ అని. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. వాడి వెనకే ఇంకో ఇద్దరు. రెండేళ్ళ పెద్దమనిషి, చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తనిఖీ చేసే రకం. అయిదు నెలల జిగురు, భుజం మీంచి దింపితే ఒప్పుకోదు. ముగ్గురు తల్లులూ ఒకటో తారీకు కోసం చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఎవరో నన్ను ఇంత నమ్మకంగా ఒక పని అడగడం, దానికి నేను సరే అనడం, మధ్యలో ఇంకెవరి అనుమతీ లేకపోవడం నాకు కొత్తగా ఉంది. బాగానూ ఉంది, భయంగానూ ఉంది.

లైసెన్సిచ్చే ఆఫీసు వాళ్ళు ఇచ్చిన జాబితాలో నలభై ఒక్క అంశాలున్నాయి. ఫ్రిజ్ మీద అంటించాను. ప్లగ్గులకి మూతలు, మెట్ల దగ్గర చిన్న గేటు, మంటలార్పే సిలిండరు, గోడ మీద డాక్టరు నంబరు. మా ఆయన దాన్ని చదివి ఒకటే నవ్వు. "పిల్లల్ని పెంచడానికి లైసెన్సా? మా అమ్మ అయిదుగుర్ని పెంచింది, ఏ ఆఫీసరొచ్చి చూశాడు?"

పక్కనే కూర్చున్న మా అత్తగారు, "నేను పెంచానో, వాళ్ళే పెరిగారో" అని గొణిగింది. ఆయన వినలేదు. నేను విన్నాను గానీ అర్థం చేసుకోవడానికి తీరిక లేకపోయింది.

ముప్ఫై ఎనిమిది పూర్తిచేశాను. మూడు మిగిలాయి, ఆ మూడింటి దగ్గరే కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను.

మొదటిది మందులు. ఇంట్లో మందులన్నీ తాళం వేసిన అలమరలో ఉండాలి. తాళంచెవి పిల్లల్ని చూసేవాళ్ళ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదు. మా అత్తగారి మందుల డబ్బా ఆవిడ దిండు కింద ఉంటుంది. సంగతి చెప్పగానే ఆవిడ డబ్బాని ఒళ్ళోకి లాక్కుంది. "నా మందులకి నువ్వు తాళం వేస్తావా? ఇవాళ మందులకి, రేపు నాకు." ఆ మాట సూటిగా తగిలింది. ఇలాంటివి ఆవిడ నన్ను చాలా అంది. నేను ఉద్యోగానికి వెళ్ళిన మొదటిరోజు, "ఊళ్ళో పిల్లల ముక్కులు తుడవడానికి చీర కట్టుకుని మరీ వెళ్తోంది" అన్న మనిషే ఇది. అయినా ఈసారి కోపం రాలేదు. ఒంట్లో బాగోలేనప్పుడు మాత్ర కోసం కోడల్ని అడిగి చేయి చాపాలి. అడిగి తీసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియనిదా? నియమమూ న్యాయమే, ఆవిడ మాటా న్యాయమే. మరి నేనేం చెయ్యాలి?

రెండోది గది. పిల్లలు పడుకునే గదికి బయటికి రెండు దారులుండాలి. మా ఇంట్లో అలాంటి గది ఒక్కటే, వెనక గది. ఒక తలుపు హాల్లోకి, ఒకటి పెరట్లోకి. దాన్ని ఆయన తన ఆఫీసు గది అంటాడు. వారంలో అయిదు రోజులు ఆయన అసలు ఆఫీసులోనే ఉంటాడు కాబట్టి ఆ గదిలో ఏ ఆఫీసు జరుగుతుందో నాకిప్పటికీ తెలీదు. ఒక పెద్ద తోలు కుర్చీ, ఒక టీవీ, విప్పని అట్టపెట్టెలో డంబెల్స్. అడిగాను. ఆయన చాలా శాంతంగా, అందరికీ నచ్చే ఆ గొంతుతో అన్నాడు. "నా గది ఒక్కటి తప్ప ఇల్లంతా నీదే కదా. ఇంకా ఏం కావాలి?"

నిజమే అనిపించింది. అదీ నా తెలివి. తర్వాత దరఖాస్తు కోసం ఇంటి పటం గీసేటప్పుడు నా గది ఎక్కడా అని వెతికాను. వంటిల్లు అందరిదీ. పడకగది ఇద్దరిదీ. హాలు టీవీది. చివరికి వంటింటి పక్క సామాన్ల గది ఖాళీ చేసి, నేనే రంగు వేసి, పిల్లల గది అని రాశాను. దానికి ఒకే తలుపు. కిటికీకి ఇనుప చువ్వలు. కిటికీని రెండో దారి అని రాయొచ్చా అని నన్ను నేనే అడుగుతూ పటాన్ని మూడుసార్లు చెరిపాను.

మూడోది రెండో మనిషి. నేను ఒక పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొస్తే మిగతావాళ్ళ దగ్గర ఉండడానికి శిక్షణ పొందిన ఇంకో పెద్ద మనిషి ఇంట్లో ఉండాలి. "నా పేరు రాసెయ్" అన్నాడు మా ఆయన. "మీరు పగలు ఉండరు కదండీ" అన్నాను. "పేరుకే కదా. ఎవరు చూడొచ్చారు?" శిక్షణకి రమ్మంటే, "పిల్ల తండ్రిని, నాకు తెలియనిదా?" అన్నాడు. మా అమ్మాయికి జ్వరమొస్తే ఎన్ని చుక్కలు వెయ్యాలో ఆయనకి ఈ రోజుకీ తెలీదు. అయినా రాసేశాను. ఎందుకు రాశానని అడిగితే చెప్పలేను. ఏ కాగితం మీదైనా రెండో గడిలో ఆయన పేరు రాయడం అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. కింద 'ఈ వివరాలన్నీ నిజం' అన్న చోట నా సంతకం. అది పెడుతుంటే మాత్రం కలం కాస్త ఆగింది.

అనుభవం అన్న గడి దగ్గర ఇంకో తికమక. కేంద్రంలో ఆరేళ్ళు అని రాశాను. మరి మా అమ్మాయి? మా ఆడపడుచు పిల్లలు ఇద్దరు, నాలుగేళ్ళు నా చేతుల మీదే పెరిగారు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా వదినా" అని దింపేసి వెళ్ళేది. అదంతా అనుభవమా, చుట్టరికమా? మా అమ్మాయి భుజం మీంచి తొంగిచూసి, "అన్నీ రాయమ్మా, నువ్వేమన్నా ఊరికే కూర్చున్నావా?" అంది. రాయలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని.

ఆ ఆదివారం ఇల్లంతా పాకడం అయ్యాక, అగ్గి కసరత్తు పెట్టాను. అది జాబితాలో లేదు గానీ, దరఖాస్తుతో పాటు అడుగుతారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళంతా కలిసి, పిల్లలతో సహా రెండు నిమిషాల్లో బయటపడాలి. ఎంత సమయం పట్టిందో రాసివ్వాలి. నిజం పిల్లలు ఇంకా రాలేదు కాబట్టి మా అమ్మాయి పాత బొమ్మల్ని దింపాను. ఎలుగుబంటి సైరన్. కుందేలు పెద్దమనిషి. ఊయలలో గుడ్డబొమ్మ జిగురు. అందరికీ పనులు పంచాను. నేను వంటింట్లోంచి వచ్చి సైరన్‌నీ పెద్దమనిషినీ తేవాలి. మా ఆయన ఊయలలో జిగురుని తేవాలి, ఆయన రెండో మనిషి కదా. అత్తగారు మోకాళ్ళ నొప్పుల మనిషి కాబట్టి మెల్లగా ఒక్కతే బయటికి వస్తే చాలు. మా అమ్మాయి పెరట్లో ఫోన్ పట్టుకుని లెక్క చూస్తుంది. ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకో. కన్నవాళ్ళకి లేని కంగారు నీకెందుకే" అన్నాడు.

ఈల ఊదాను. పరిగెత్తాను. ఎలుగుబంటిని ఒక చంక, కుందేలుని ఒక చంక ఇరికించుకుని పెరట్లోకి వచ్చి పడ్డాను. మా ఆయన అప్పటికే అక్కడున్నాడు. నాకంటే ముందే. ఒక చేతిలో లాప్‌టాప్, దాని ఛార్జరు, ఇంకో చేతిలో ఫోన్.

"పాపేది?" అన్నాను.

"ఏ పాప?"

"జిగురు!"

ఆయన ఒక్క క్షణం నిజంగానే గుర్తుచేసుకున్నాడు. "ఓ, అదా! బొమ్మే కదే. నిజంగా అయితే తెస్తాను కదా."

నేను లాప్‌టాప్ వంక చూశాను. బొమ్మ అని దాన్ని వదిలేస్తే, మంటలు కూడా ఉత్తుత్తివే కదా, మరి దాన్నెందుకు తెచ్చినట్టు? అడిగేలోపే మా అమ్మాయి గొంతు వినబడింది. "రెండు నిమిషాలు అయిపోయింది. నానమ్మ ఏదీ?"

అప్పుడు మా అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ ఉండే చేతికర్ర లేదు. ఒక చెయ్యి గోడకి ఆన్చి మెట్టు మెట్టుకీ మూలుగుతూ దిగుతోంది. భుజం మీద తడి తువ్వాల్లో చుట్టిన మూట. దాని లోపల గుడ్డబొమ్మ. ఆవిడ అరచెయ్యి దాని మెడ కింద ఉంది. మెడ సరిగ్గా నిలవని పసిపిల్లని పట్టుకున్నట్టే పట్టుకుంది.

"ఊయలలో పిల్లని వదిలేసి అందరూ వచ్చేస్తారా? మనుషులేనా?" అంది, ఆయాసపడుతూ. ఆవిడకి నిజంగా కోపం వచ్చింది.

"తువ్వాలు ఎందుకు తడిపారు అత్తయ్యా?" అన్నాను. శిక్షణలో పొగ నుంచి పిల్లల్ని కాపాడేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పిన పాఠం అది. నాకే కసరత్తులో గుర్తురాలేదు.

ఆవిడ పెరట్లో స్టూలు మీద కూలబడింది. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు విప్పింది. "వీడు ఆరునెలల పిల్లాడప్పుడు వంటింట్లో కిరోసిన్ స్టవ్ అంటుకుంది. వీణ్ణి ఇలాగే తడిగుడ్డలో చుట్టి తెచ్చా." తువ్వాలు పిండింది. "మీ మామగారు రేడియో తెచ్చుకున్నారు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వడానికి చెప్పలేదు.

"ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎవరడిగార్రా?"

ఆయన లాప్‌టాప్‌ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఈవిడ మీద పదహారేళ్ళుగా భద్రంగా దాచుకున్న కోపం ఒకటుంది. అది ఎక్కడ పెట్టానో హఠాత్తుగా మర్చిపోయినట్టయింది. ముక్కులు తుడవడానికి వెళ్తోందన్న మనిషీ, తడి తువ్వాలు మనిషీ ఒకరేనా? నన్ను ఎత్తిపొడిచినన్నాళ్ళూ ఆవిడకి ఈ పని తెలుసా? తెలిసీ అది పని కాదందా? లేక ఆవిడ చేసినప్పుడు ఎవరూ పని అనలేదు కాబట్టి, నేను చేస్తే మాత్రం ఎందుకనాలి అనుకుందా? ఆవిడ మీద జాలిపడాలో, ఇంకా కోపగించుకోవాలో తేల్చుకోలేక ఆ బొమ్మని తీసుకుని ఊరికే దుమ్ము దులిపాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆఫీసు కాగితం ముందేసుకున్నాను. రెండో మనిషి గడిలో ఆయన పేరు కొట్టేశాను. ఒక్క గీతే. మా అత్తగారి దగ్గరికి వెళ్ళి, ఆ గడిలో మీ పేరు రాయనా అని అడిగాను.

"నాకు పరీక్ష పెడతారా?" అంది.

"ఒకరోజు నేర్పిస్తారు. పసిపిల్లకి గొంతులో ఏదన్నా అడ్డం పడితే ఏం చెయ్యాలో చేసి చూపించమంటారు. డాక్టరు కూడా ఒకసారి చూస్తారు."

"నాకేం రాదనుకుంటారు కాబోలు." దిండు సర్దుకుంది. "పేరు నిజంగా కాగితం మీద రాస్తారా? నా పేరే?"

"మీ పేరే. ఇంకోటి, రెండో మనిషి దగ్గర కూడా మందుల అలమర తాళంచెవి ఒకటి ఉండాలట."

ఆవిడ దిండు కిందికి చెయ్యి పోనిచ్చి, డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. అంత తేలిగ్గా. ఇన్నాళ్ళ పోట్లాటకీ మందు ఇంకో తాళంచెవే అని నాకు ముందే ఎందుకు తట్టలేదో!

మంగళవారం శిక్షణకి తీసుకెళ్ళాను. ఆవిడ ప్లాస్టిక్ పిల్లని బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిచిన తీరు చూసి నేర్పేవాళ్ళే చప్పట్లు కొట్టారు. డాక్టరు ఆవిడని పిల్లంత బరువు ఎత్తుకుని నడిపించి చూసి, సరిపోతుందని రాసిచ్చాడు. తిరుగు దారిలో బస్సులో ఆవిడ ఆ సర్టిఫికెట్‌ని నాలుగుసార్లు తీసి చూసుకుంది. చదవడానికి కళ్ళజోడు తెచ్చుకోలేదు. ఊరికే చూసుకుంది.

మర్నాడు కసరత్తు మళ్ళీ పెట్టి, రెండు నిమిషాల్లోపే బయటపడ్డామని రాశాను. ఇక చివరి పేజీలో ఒక గడి మిగిలింది. నేను అంతకుముందు గమనించలేదు. 'ఇంట్లో ఉంటూ పిల్లల పని చూడని పెద్దలు: పేరు, సంతకం.' మామూలు గడే. అద్దెకున్నవాళ్ళూ, చదువుకునే తమ్ముళ్ళూ ఉంటారని పెట్టి ఉంటారు. అయినా దాన్ని వేలు పెట్టి మళ్ళీ చదివాను. దీనికి కూడా ఒక గడి ఉంటుందా? ఎవరో ఎక్కడో ఇలాంటి మనిషి ఉంటాడని ముందే అనుకుని, ఏ కోపమూ లేకుండా ఒక గీత గీసి ఉంచారా? పదహారేళ్ళుగా నేను ఏడ్చీ, అరిచీ, అలిగీ చెప్పలేకపోయింది ఆరు మాటల్లో ఉంది. ఆయన పేరు అక్కడ రాశాను. ఆయన మీద కాస్త జాలి కూడా వేసింది, అదెందుకో తెలీదు.

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో కొలత టేపు. మా ఆయన సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నాడు. "ఆఫీసర్లతో ఎలా మాట్లాడాలో నీకు తెలీదు" అన్నాడు. ఆవిడ ఆయనతో ఏమీ మాట్లాడలేదు. ప్లగ్గులు చూసింది, గేటు కదిపింది, అలమర తాళం లాగింది. "రెండో తాళంచెవి ఎవరి దగ్గర?" అంటే మా అత్తగారు నడుము దగ్గర దోపుకున్నది తీసి ఎత్తి చూపించింది. కాగితాలు తిరగేస్తూ చివరి పేజీ దగ్గర ఆగింది. "ఇక్కడ సంతకం లేదే. ఈయనెవరు?"

"నేనే" అన్నాడు మా ఆయన, నవ్వుతూ ముందుకొచ్చి. ఆవిడ కలం ఇచ్చింది. ఆయన పై లైను చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇదేంటి?" అన్నాడు నా వైపు తిరిగి. "నిజాలే రాయమన్నారండీ" అన్నాను. ఆఫీసరు ముందు ఇంకేం అనగలడు? సంతకం పెట్టాడు.

చివరగా సామాన్ల గది. ఆవిడ చువ్వలు పట్టుకుని లాగింది. తల అడ్డంగా ఊపింది. "ఇది కుదరదమ్మా. పొగొస్తే పిల్లలు ఇందులోనే చిక్కుకుపోతారు. వెనక గదికి రెండు తలుపులున్నాయి కదా, అదైతే ఇవాళే రాసేస్తాను. లేదంటే మళ్ళీ నేను ఈ వైపు వచ్చేది వచ్చే నెల ఆఖర్లోనే." తర్వాత, అందరూ చేసే పనే ఆవిడా చేసింది. మా ఆయన వైపు తిరిగింది. "ఏమంటారు సార్?"

ఆయన నోరు తెరిచాడు. నాకు ఆయన చెప్పబోయేది తెలుసు, ఆ శాంతమైన గొంతుతో సహా. ఒకటో తారీకు, నర్సమ్మాయి మొహం, భుజం దిగని జిగురు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నేను గెలుస్తున్నానా, కాపురం పాడు చేసుకుంటున్నానా, ఏమీ తెలియలేదు. ఇప్పటికీ తెలీదు. తెలిసేదాకా ఆగితే మాత్రం ఈ జన్మకి ఆగుతూనే ఉంటాను.

"అది పిల్లల గదే మేడం" అన్నాను. "రాసుకోండి."

వెనక గది తలుపులు రెండూ బార్లా తెరిచాను. పెరటి గాలి హాల్లోకి కొట్టింది. తోలు కుర్చీని ఒక పక్క పట్టుకుని లేపబోయాను. కదల్లేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏమండీ," అన్నాను, "ఆ ఫోన్ కింద పెట్టి, ఇటొచ్చి రెండో వైపు పట్టుకోండి."